టార్చి పట్టుకెళ్ళినవాడు

కొత్త బూట్లు కరుస్తాయని కొట్టువాడు ముందే చెప్పాడు. కొండ ఎక్కే ముందు నెలరోజులు ఇంట్లో వేసుకుని తిరిగితే దారికొస్తాయన్నాడు. అందుకే మంగళవారం పొద్దున్న స్టెనో పాలగిన్నె ముందు కూడా బూట్లతోనే నిలబడింది. నిలబడింది అనడం కూడా తప్పే. పొయ్యి దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి తలుపుకి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. అడుగేసినప్పుడల్లా కిర్రు, కిర్రు.

"ఏమే, ఆ కొండేదో మన వంటింట్లోనే ఉందా?" అంది అక్క ముందుగదిలోంచి. అక్క కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మరీ వెక్కిరించగలదు.

"అలవాటు చేసుకుంటున్నానక్కా."

"చేసుకో, చేసుకో. ముందు పాలు పొంగుతున్నాయి, అవి చూడు."

యాత్రికుల క్లబ్బులో పదకొండేళ్ళుగా మినిట్స్ రాస్తోంది స్టెనో. పగలు ఒక లాయరు ఆఫీసులో షార్ట్‌హ్యాండ్ రాసి టైపు చేస్తుంది, నెలకో శనివారం సాయంత్రం క్లబ్బులో అదే పని చేస్తుంది. ఒకాయన సైకిలు మీద ఎడారి దాటొస్తాడు, ఒకావిడ మంచునదిలో పడవ తిరగబడి బతికొస్తుంది, లైబ్రరీ మేడమీది హాల్లో నిలబడి చెబుతారు. ఈవిడ మూలకుర్చీలో కూర్చుని రాస్తుంది. ఈవిడ మాత్రం ఊరి పొలిమేర దాటింది లేదు. ఈ ఏడాది క్లబ్బంతా కలిసి ఒక కొండ మీదికి పోతోంది. ఆ పట్టీలో పదహారో పేరు స్టెనోది. కెప్టెన్ పట్టుబట్టి రాయించాడు. "పదకొండేళ్ళు మన గొడవ రాసి రాసి ఆవిడ చెయ్యి అరిగిపోయింది, ఇప్పుడు కాళ్ళు కూడా కాస్త అరగనివ్వండి," అన్నాడట కమిటీలో.

కెప్టెన్ ఏ ఓడకీ కెప్టెన్ కాదు, ఏ జట్టుకీ కాదు. మెళ్ళో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంది, అంతే. డెబ్బయికి దగ్గర పడుతున్నా మనిషి నిటారుగా ఉంటాడు. ఎక్కడికి వెళ్ళినా స్టెనోకి ఒక రాయి తెచ్చిస్తాడు. క్లబ్బులో నూటపాతిక మంది సభ్యుల్లో, మూలకుర్చీలో ఒక మనిషి ఉందని గుర్తుపెట్టుకున్నది ఆయనొక్కడే. ఆ రాళ్ళన్నీ వంటింటి కిటికీ గట్టు మీద వరసగా ఉన్నాయి.

పాలు దించి, గ్లాసులో పోస్తూ, స్టెనో ఫోనులో క్లబ్బుకొచ్చిన ఉత్తరాలు చూసింది. మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. ఆ వేళ ఒక్కటే ఉంది.

"మీ పోయిన నెల బులెటిన్‌లో 'టార్చి పట్టుకుని పారిపోయిన గైడు' అని రాశారు. నేను ఆ గైడు కూతుర్ని," అని మొదలైంది. "మీ బులెటిన్ చదివినవాళ్ళెవరో మా గైడ్ల సంఘానికి పంపారు. సంఘంవాళ్ళు నాన్న గైడు బిళ్ళ వెనక్కి తీసుకున్నారు. సోమవారం విచారణ. నమ్మి వచ్చిన మనిషిని కొండ మీద వదిలేసిన గైడుకి మా దగ్గర మళ్ళీ బిళ్ళ ఇవ్వరు. బిళ్ళ లేకపోతే నాన్న కొండెక్కడానికి లేదు. ఆయనకి ఇంకో పని చేతకాదు. ఆ రోజు ఏం జరిగిందో మీ దగ్గర రాసిపెట్టిన కాగితం ఏదైనా ఉంటే, సంతకంతో పంపండి."

కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. "ఇది నాన్న చెప్పి రాయిస్తున్నది. కాగితం దొరక్కపోతే పోనివ్వండి. ఆ మాట విన్నవాళ్ళు ఒక గదిలో కూర్చుని విన్నారు కదా. అదే గదిలో, నేను పారిపోలేదని ఒక్కసారి వాళ్ళకి వినిపించండి."

స్టెనో అలా పోస్తూనే ఉండిపోయింది. గ్లాసు నిండి పాలు గట్టు మీదికి పారాయి. ఎందుకంటే, పోయిన నెల కెప్టెన్ చెప్పిందంతా పొల్లుపోకుండా రాసింది ఈవిడే. రాసి ఊరుకోకుండా, బులెటిన్‌కి బాగుంటుందని 'టార్చి పట్టుకుని పారిపోయిన గైడు' అని పేరు పెట్టింది కూడా ఈవిడే. ఆ పేరు బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. రెండు రోజులు ఆ మెప్పు తల్చుకుని మురిసిపోయింది కూడా.

ఆ సాయంత్రం కెప్టెన్ ఆ గైడు కథ చెబుతున్నప్పుడు పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. అదీ గుర్తుంది. ఇదే కథ ఈయన ఇంకోలా చెప్పాడే అనిపించింది. అంతలో చప్పట్లు. చప్పట్లు అని రాసేసింది.

బుధవారం ఆఫీసులో ఒక పూట సెలవడిగి లైబ్రరీకి వెళ్ళింది. హాలు వెనక ఇనపబీరువాలో క్లబ్బు రిజిస్టర్లుంటాయి. తాళం స్టెనో దగ్గరే ఉంటుంది, ఇంకెవరికీ దాంతో పనిపడదు. బీరువా తలుపు ఒక పట్టాన రాదు, కాలితో కింద తన్ని పైన లాగాలి. బూటు కాలితో తంతే మొదటిసారికే వచ్చింది. దీనికైనా పనికొచ్చాయనుకుంది.

క్లబ్బులో ఒక పద్ధతుంది. ప్రతి సమావేశం కిందటి సమావేశపు మినిట్స్ చదవడంతో మొదలవుతుంది. చదివాక అధ్యక్షుడు "అభ్యంతరాలు?" అంటాడు. ఎవరూ ఏమీ అనరు. "ఆమోదం?" అంటాడు. చేతులు లేస్తాయి. ఆయన సంతకం పెడతాడు, కిందటిసారి మాట్లాడిన వక్త కూడా తరవాత వీలు చూసుకుని ఆ పేజీ కిందే సంతకం పెట్టాలి. మొదట్లో ఎవరో పెద్దమనిషి పెట్టిన నియమం అది, తాను చెప్పింది తాను చెప్పినట్టే ఉందని వక్త ఒప్పుకోవాలట. పదకొండేళ్ళలో ఎవరూ ఒప్పుకోకపోవడం జరగలేదు. ఎందుకంటే ఎవరూ చదవలేదు, చదువుతుంటే వినలేదు.

తొమ్మిదేళ్ళ కిందటి రిజిస్టరు అడుగున ఉంది. దుమ్ముకి మూడు తుమ్ములు వచ్చాయి. పేజీ దొరికింది. తన చేతిరాతే, అప్పట్లో ఇంకా గుండ్రంగా ఉండేది.

"వక్త మోకాలు మడతపడి నడవలేకపోయారు. మంచు పడుతోంది. ఉన్నది ఒకటే టార్చి. గైడు తన కోటు విప్పి వక్తకి కప్పి, టార్చి తీసుకుని కిందికి దిగాడు. ఆ వెలుగు కనుమరుగయ్యేదాకా వక్త చూస్తూ ఉన్నారు. తెల్లవారే ముందు అదే వెలుగు పైకి వస్తూ కనిపించింది. గైడుతో ఇంకో ఇద్దరు మనుషులు వచ్చారు. కోటు లేక చలికి గైడు ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. వక్తని ఆరుగంటలు వీపున మోసుకుని దించాడు. 'నేనతని వీపు మీద నిద్రపోయాను. చిన్నప్పుడు మా నాన్న వీపు మీద తప్ప ఎక్కడా అంత నిశ్చింతగా నిద్రపోలేదు' అని వక్త అన్నారు. సభ నిశ్శబ్దంగా విన్నది."

కింద కెప్టెన్ సంతకం. చివర గీత కొట్టి రెండు చుక్కలు పెడతాడు, ఆ చుక్కలతో సహా ఉంది.

స్టెనో నేలమీదే కూర్చుని మళ్ళీ చదివింది. రెండు వేళ్ళు. ఆ సాయంత్రం ఈ వాక్యం రాస్తుంటే కళ్ళు చెమ్మగిల్లాయి, అక్షరాలు అలుక్కుపోతే ఇంటికెళ్ళి మళ్ళీ రాసుకుంది. అంతా గుర్తొచ్చింది. ఇంత గుర్తున్న మనిషే పోయిన నెల చప్పట్లు అని రాసింది.

తొమ్మిదేళ్ళలో కెప్టెన్ ఈ కథ ఎన్ని ఊళ్ళలో, ఎన్ని హాళ్ళలో చెప్పాడో. చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు ఎక్కడ కదిలారో అక్కడ కాస్త సాగదీశాడు, ఎక్కడ ఆవలించారో అక్కడ కోసేశాడు. చివరికి కోటు పోయింది, వేళ్ళు పోయాయి, వీపు పోయింది. పోయిన నెల కథలో కెప్టెన్ ఒక్కడే పాక్కుంటూ కిందికి దిగాడు.

గురువారం మధ్యాహ్నం పళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయనే క్లబ్బు అధ్యక్షుడు. క్లినిక్కులో కుర్చీ మీద ఒక లావుపాటాయన నోరు తెరుచుకుని పడుకునున్నాడు. డాక్టరు ఆయన దవడలోకి వంగి పని చేసుకుంటూనే, "చెప్పండి స్టెనోగారూ, ఈయనేం అనుకోడు," అన్నాడు. అనుకోడానికి ఆయన నోట్లో చోటు లేదు.

స్టెనో ఉత్తరం చదివింది. రిజిస్టరు పేజీ చదివింది. డాక్టరు పన్ను తొలిచే యంత్రం ఆపి, రోగిని పుక్కిలించి ఉమ్మమన్నాడు.

"ఇదంతా ఇప్పుడెందుకండీ తవ్వడం?" అన్నాడు. "శనివారం ఆయనకి జీవిత సభ్యత్వం ఇస్తున్నాం. దండ, శాలువా, ఫోటో. ఆ రోజే ఇదా?"

"సోమవారం విచారణండి. శనివారం కాకపోతే ఇక లేదు."

"పోనీ మీరే ఒక ఉత్తరం రాసి పారెయ్యండి. మా బులెటిన్‌లో పొరపాటు పడింది, చింతిస్తున్నాం అని."

"మీరు సంతకం పెడతారా?"

డాక్టరు నీళ్ళు నమిలాడు. "నేను పెడితే క్లబ్బు పెట్టినట్టు. క్లబ్బు పెడితే కెప్టెన్ అబద్ధం చెప్పినట్టు. చూడండి, యాత్రికుడన్నాక కాస్త ఉప్పూకారం వేస్తాడు. మీరు కోర్టు కాగితాలు రాసీ రాసీ అన్నీ సాక్ష్యాలే అనుకుంటారు."

"వేళ్ళు పోయినాయన ఉన్నాడు డాక్టరుగారూ."

కుర్చీలో రోగి తల తిప్పి స్టెనోని చూశాడు. డాక్టరు ఆయన గడ్డం పట్టుకుని మళ్ళీ ఇటు తిప్పాడు.

"మీరు కొండకి వస్తున్నారు కదా?" అన్నాడు, చాలా మెత్తగా. "జట్టు నాయకుడు కెప్టెనే. నలుగురితో కలిసి వెళ్ళేటప్పుడు మనసులు బాగుండాలి. నేను మీ మంచికే చెబుతున్నాను."

మెట్లు దిగుతుంటే స్టెనోకి ఒళ్ళు మండింది. డాక్టరు మీద కంటే తన మీదే ఎక్కువ. కొండ అన్న మాట వినగానే ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఉత్తరం చూడనట్టు ఊరుకుంటే ఏం పోయిందని అనిపించింది. ఆ అనిపించడాన్ని క్లినిక్కులో వదిలెయ్యలేక, ఆఫీసుదాకా వెంటబెట్టుకుని నడిచింది. దారిలో బూటు కరిచి మడమ దగ్గర తోలు ఊడింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు గుమ్మంలో కెప్టెన్ నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర.

"మీకోసమే," అన్నాడు. "కొండకి చేతికర్ర లేకుండా రాకూడదు. నేనే చెక్కాను. పట్టుకోండి, ఎత్తు చూద్దాం."

నున్నగా ఉంది. చెయ్యి పట్టే చోట తోలు చుట్టి, పైన చిన్న ఉంగరం కూడా బిగించాడు. వారంరోజుల పని ఉంటుంది. స్టెనో కర్ర పట్టుకుంది, మోచెయ్యి దగ్గర సరిగ్గా సరిపోయింది. ఏడుపు ముంచుకొచ్చింది.

"కెప్టెన్‌గారూ, ఆ గైడు... మీరు మంచులో చిక్కుకున్నప్పటి గైడు."

"వాడా!" ఆయన కళ్ళు మెరిశాయి. గుమ్మంలోనే, దారినపోయేవాళ్ళు తప్పుకుని వెళ్తుంటే, మొదలుపెట్టాడు. "టార్చి పట్టుకుని దిగిపోయాడండీ. నేను పిలుస్తున్నా, విజిల్ వేస్తున్నా, వెనక్కి తిరిగితేనా? ఆ వెలుగు అలా కిందికి, కిందికి, చిన్నదైపోయి... ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే కనబడుతుంది నాకు. చుట్టూ చీకటి. నేనొక్కణ్ణీ." ఆయన గొంతు వణికింది. నటన కాదు. పదకొండేళ్ళుగా గొంతులు వినడమే పనిగా పెట్టుకున్న స్టెనోకి ఆ మాత్రం తెలుసు.

ఆయనకి వెలుగు దిగిపోవడం గుర్తుంది. తిరిగి రావడం గుర్తులేదు.

"ఆ తరవాత?" అంది.

"ఆ తరవాతేముంది, పాక్కుంటూ దిగాను." భుజం తట్టాడు. "రేపు కాస్త ముందు రండి. శాలువా కప్పేటప్పుడు ఫోటోలో మీరూ ఉండాలి."

స్టెనో బ్యాగులో రిజిస్టరు ఉంది. తియ్యలేదు. కర్ర చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

అక్క అన్నం వడ్డిస్తూ అంతా విని, "ఆ మనిషికి ఇంత కర్ర చెక్కే ఓపికుంది, నిజం గుర్తుపెట్టుకునే ఓపిక లేదా?" అని ఒంటికాలి మీద లేచింది. తరవాత తనే తగ్గింది. "అయినా నీకేం భయం? నువ్వు మినిట్స్ చదువుతుంటే ఎవడు వింటాడే? నువ్వే చెప్పావు కదా, ఒకసారి మధ్యలో మన చాకలిపద్దు చదివినా చేతులెత్తారని."

"అది పొరపాటున కాగితం కలిసిపోయిందక్కా."

"మరింకేం. ఇదీ కలిపెయ్. గొణుగు. చేతులెత్తుతారు, ఆ పళ్ళాయన సంతకం గీకుతాడు, నువ్వు పంపించెయ్. కొండకీ వెళ్ళు. ఎవరి గొడవా లేదు."

స్టెనో ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. నియమాల్లో ఉంది. పాత మినిట్స్‌కి విరుద్ధంగా ఏదైనా రికార్డయితే, చదివేటప్పుడు సవరణ ప్రతిపాదించవచ్చు. సభ ఆమోదిస్తే అది క్లబ్బు మాట. దొంగతనం కాదు, దొడ్డిదారి కాదు. అందరి ముందూ చదవడమే. వాళ్ళు వినకపోతే అది వాళ్ళ ఖర్మ.

"అక్కా, నువ్వు లాయరువి కావాల్సింది."

"నా కోట్లు ఎవరు కుడతారు మరి?"

శనివారం హాలు కిటకిటలాడింది. వెనక కాఫీ కప్పుల చప్పుడు, ముందు వరసలో సైకిలాయన ఫోటోలు చూపించడం, ప్రొజెక్టరు తెల్లటి వెలుతురు తెరమీద. కెప్టెన్ మొదటి వరస మధ్యలో, విజిల్ తళతళా తోమించుకుని కూర్చున్నాడు. ఆ రోజు మాట్లాడేది కూడా ఆయనే, ఏదో దీవి గురించి. స్టెనో బూట్లతోనే వచ్చింది. ఎందుకో తనకే తెలీదు.

"మినిట్స్," అన్నాడు పళ్ళడాక్టరు, స్టెనో వైపు చూడకుండా.

స్టెనో లేచి, తన మామూలు గొంతుతో మొదలుపెట్టింది. ఎత్తు లేదు, పల్లం లేదు, ఫ్యాను తిరిగినట్టుంటుంది. హాజరైనవారు ఇంతమంది, బులెటిన్ గురించి, కుర్చీల మరమ్మతు గురించి. హాలు తన మాటల్లో తానుంది. "ఒక సవరణ," అని ఆగకుండా, "కిందటి నెల బులెటిన్‌లో గైడు పారిపోయాడని పడినది తప్పు, తొమ్మిదేళ్ళ కిందటి మినిట్స్ ప్రకారం," అని ఆ పేజీ అంతా అదే ఫ్యాను గొంతుతో చదివేసింది. కోటు. టార్చి. రెండు వేళ్ళు. వీపు. ఎవరో వెనక నవ్వారు, ఇంకేదో విషయానికి. కెప్టెన్ పక్కావిడకి దీవిలో పక్షి ఎలా కూస్తుందో చేతిని ముక్కులా పెట్టి చూపిస్తున్నాడు.

"అభ్యంతరాలు?" అన్నాడు డాక్టరు, శాలువా పొట్లం ముడి విప్పుకుంటూ.

లేవు.

"ఆమోదం?"

చేతులు లేచాయి. కెప్టెన్ చెయ్యి కూడా లేచింది. పక్షిలాగే ఉన్న చెయ్యి, అలాగే పైకెత్తి దించేశాడు. డాక్టరు పెన్ను తీసి సంతకం గీకాడు. రిజిస్టరు స్టెనో చేతిలోకి వచ్చింది. సిరా ఇంకా తడిగా ఉంది.

అంతే. అయిపోయింది. స్టెనో కూర్చుంది. అక్క చెప్పినట్టే జరిగింది. బిళ్ళ వస్తుంది, కొండా వస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

కానీ కుదురుగా కూర్చోలేకపోయింది. కాళ్ళు నేలమీద నిలవడం లేదు. కిర్రు, కిర్రు. ఉత్తరంలో కింది రెండు ముక్కలు చెవిలో మోగుతున్నాయి. కాగితం దొరక్కపోతే పోనివ్వండి అన్నాడు ఆ మనిషి. కాగితం సంపాదించింది. అడిగిందేమో చెయ్యలేదు. అదే గదిలో, అదే మనుషులు, ఒక్కరు వినలేదు. తొమ్మిదేళ్ళ కిందట సభ నిశ్శబ్దంగా విన్నదని తనే రాసింది. ఇప్పుడు ఏమని రాయాలి? ఇన్నేళ్ళూ తన మాట ఎవరూ చెవిన పెట్టకపోతే చిన్నతనంగా ఉండేది, లోపల్లోపల బాధపడేది. ఇవాళ ఆ చెవిటితనాన్నే వాడుకుని, పని జరిగిందని చేతులు దులుపుకుంటోంది. సిగ్గేసింది.

డాక్టరు శాలువా విప్పాడు. కెప్టెన్ లేస్తున్నాడు.

స్టెనో ముందు లేచింది.

"క్షమించాలి," అంది. ఆ హాల్లో తన గొంతు అంత పెద్దగా రావడం తనకే కొత్త. "నేనిప్పుడు చదివింది ఎవరూ వినలేదు. మళ్ళీ చదువుతాను."

"స్టెనోగారూ, ఆమోదం అయిపోయింది," అన్నాడు డాక్టరు.

"చేతులెత్తారండి. వినలేదు. దేనికి ఎత్తారో ఒక్కరు చెప్పండి, కూర్చుంటాను."

కాఫీ కప్పుల చప్పుడు ఆగిపోయింది.

స్టెనో చదివింది. నెమ్మదిగా, ఒక్కో వాక్యం దగ్గర ఆగి, తలెత్తి మనుషుల్ని చూస్తూ. ముందు కూతురి ఉత్తరం, తరవాత పాత పేజీ. ఉత్తరంలో బిళ్ళ మాట దగ్గర ముందు వరసలో సైకిలాయన ఫోను జేబులో పెట్టేశాడు. "ఆ పేరు పెట్టింది నేను," అని కూడా చెప్పింది. "టార్చి పట్టుకుని పారిపోయిన గైడు అని. ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. నా బుద్ధికే పుట్టింది."

కెప్టెన్ సగం లేచినవాడు అలాగే ఉన్నాడు. మొహం కందగడ్డయింది.

"ఎవరు రాశారది?"

"నేను రాశాను. మీరు చెప్పారు. సంతకం మీదే."

ఆయన రెండడుగులు వేసి వచ్చి పాత రిజిస్టరు లాక్కున్నట్టే తీసుకున్నాడు. జేబులో కళ్ళజోడు వెతికాడు, దొరకలేదు, పేజీ దూరంగా పట్టుకుని చూశాడు. సంతకం దగ్గర వేలు పెట్టాడు. రెండు చుక్కలు. ఆ వేలు పైకి జరుగుతూ వీపు అన్న మాట దగ్గర ఆగింది.

"టార్చి తీసుకెళ్ళాడు కదండీ," అన్నాడు, పిల్లవాడు మొండికేసినట్టు. "అదైతే నిజమే కదా. నేను చూశాను."

"తీసుకెళ్ళాడు," అంది స్టెనో. "తిరిగి తెచ్చాడు కూడా. అదీ మీరే చూశారు."

కెప్టెన్ రిజిస్టరు మూసి బల్ల మీద పెట్టి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరుకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. శాలువా చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి, చివరికి అలవాటు కొద్దీ, "ఆమోదం?" అన్నాడు.

సైకిలాయన చెయ్యి ముందు లేచింది. తరవాత మంచునది ఆవిడది. తరవాత వెనక వరసల్లో ఒక్కొక్కటే, ఈసారి ఎత్తినవి దించకుండా, పక్కవాళ్ళ వంక చూసుకుంటూ. కెప్టెన్ చెయ్యి ఒడిలోనే ఉంది. స్టెనో లెక్కపెట్టడానికి పెన్సిలు తీసింది గాని లెక్కపెట్టలేదు, ఆ ఒక్క చేతినే చూస్తూ నిలబడింది. అది ఒకసారి మెడలో విజిల్ దాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని, వదిలి, భుజం ఎత్తుదాకా లేచింది. అంతకంటే పైకి వెళ్ళలేదు. కానీ లేచింది.

ఆ తరవాత దీవి గురించి పది నిమిషాలు మాట్లాడాడు. పక్షి కూత చెయ్యలేదు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఎవరూ దీవి గురించి అడగలేదు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. స్టెనోని ఎవరూ ఫోటోలోకి పిలవలేదు. ఆయన వెళ్ళేటప్పుడు స్టెనో కుర్చీ పక్కనుంచే వెళ్ళాడు, ఆగలేదు, తలమాత్రం కొంచెం ఊపినట్టనిపించింది. ఊపలేదేమో కూడా.

ఆదివారం పొద్దున్నే పేజీలు ఫోటో తీసి పంపింది. సోమవారం ఆఫీసుకి డాక్టరు ఫోన్ చేశాడు. బండిలో సీట్లు తగ్గాయట, పదిహేను మందికే వీలవుతుందట, పదహారో పేరు వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ఎవరి నిర్ణయమని స్టెనో అడగలేదు. "సరేనండి," అని ఫోన్ పెట్టేసి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. బాగా ఏడ్చింది. యాభై రెండేళ్ళకి మొదటిసారి ఊరు దాటబోయి ఆగిపోతే ఎవరికైనా ఏడుపొస్తుంది.

ఇంటికొచ్చాక అక్క బూట్ల వంక చూసింది. "వాటినేం చేస్తావే?"

"ఇప్పుడిప్పుడే కరవడం మానేశాయి. వేసుకుంటాను."

అక్క మూలనున్న చేతికర్ర తీసి కోట్ల కొక్కెం పక్కన తగిలించింది.

మంగళవారం జవాబు వచ్చింది. నాన్నకి బిళ్ళ తిరిగి ఇచ్చారని, మీ మేలు మర్చిపోమని కూతురు రాసింది. ఒక ఫోటో కూడా పెట్టింది. చొక్కాకి బిళ్ళ పెట్టుకుని ఒక ముసలాయన, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. కింద మళ్ళీ నాన్న చెప్పి రాయించిన మాట ఉంది. ఒక్కటే ప్రశ్న.

"వాళ్ళు విన్నారా?"

స్టెనో పాలగిన్నె దించి పక్కన పెట్టింది. కిటికీ దగ్గర, రాళ్ళ వరస ముందు, కదలకుండా నిలబడి జవాబు టైపు చేసింది.

"మొదటిసారి వినలేదు. రెండుసార్లు చదివాను. రెండోసారి విన్నారు. ఆయన కూడా విన్నాడు."